మఠం వైపు వేలు

పొద్దున్నే ఆరింటికి అట్రాక్టా పొయ్యి వెలిగించేది. మజ్జిగ పోసి పిండి కలిపి, గుండ్రంగా తట్టి, పైన కత్తితో శిలువ గీసి రొట్టెలు లోపల పెట్టేది. అవి కాలేలోపు బల్లలు తుడవడం, గిన్నెల్లో వెన్న సర్దడం, కెటిల్ ఎక్కించడం. యాభై నాలుగేళ్ల మనిషి, ఒంటరిది, పెద్దగా మాట్లాడే అలవాటు లేనిది. చేతులకి పని ఉంటే నోటికి పని ఉండక్కర్లేదని ఆమెకి హాయి.

పదకొండు దాటాక సైకిళ్ల వాళ్లు వచ్చేవాళ్లు. డ్రుమీన్ సరస్సు ఒడ్డున సైకిల్ దారి వేసి, గోధుమరంగు బోర్డులు పెట్టినప్పటి నుంచి ఎండాకాలమంతా రాకపోకలే. డచ్చివాళ్లు, జర్మన్లు, డబ్లిన్ నుంచి వచ్చే గుమాస్తాలు. గుండ్రటి గోపురం చూసి, నీళ్ల మధ్య దిబ్బ మీద ఉన్న పాత కోట గోడ చూసి, కార్నా కొండ ఎక్కి అవతల ఉన్న పాడుబడ్డ మఠం చూసి, తడిసి ముద్దయి ఆమె వాకిట్లో దిగేవాళ్లు. రొట్టె, వెన్న, టీ. ఆ తర్వాత వాళ్లలో వాళ్లకి ఒక చిన్న గొడవ. ఒకడి సైకిల్ మీటరులో కొండ అర కిలోమీటరు చూపించేది, పక్కవాడి మీటరులో నాలుగున్నర. మీటరు చెడిపోయిందనుకుని తట్టి చూసుకునేవాళ్లు.

అట్రాక్టా ఇంకో కప్పు పోసేది. ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు, మీటరు తప్పేం కాదని. మనసులో ఏమీ లేనివాళ్లకి కార్నా కొండ ఏడు వందల అడుగులు. మనసులో బరువున్న వాళ్లకి ఆ బరువును బట్టి. మఠం నుంచి తిరిగి వచ్చేటప్పుడు మాత్రం అందరికీ ఒక్కటే దూరం. పూర్వం పిల్లనివ్వాలంటే పెళ్లికొడుకు చేతికి వెన్నముద్ద ఇచ్చి మఠం కాపరి దగ్గరికి పంపేవాళ్లు. కరగకుండా చేరిస్తే సంబంధం ఖాయం. పశువుల బేరగాళ్లు ఆ వైపుకే వెళ్లరు. వెనకటి ఫాదర్ ఒకాయన కొత్త కారులో బయల్దేరి, సగం ట్యాంకు పెట్రోలు అక్కడే తగలేసుకుని, వేరే ఊరికి పంపమని మర్నాడే బిషప్పుకి ఉత్తరం రాశాడని చెప్పుకుని ఇప్పటికీ నవ్వుకుంటారు. ఆ మే నెలలోనే కొత్తగా పెళ్లయిన జంట ఒకటి వచ్చింది. పిల్ల ఆరు నిమిషాల్లో ఎక్కేసి మఠమంతా తిరిగి చూసి వచ్చి కూర్చుంది. మొగుడు మధ్యాహ్నం మూడింటికి చేరాడు. వేరు వేరు బల్లల దగ్గర తిన్నారు.

ఈ కొండ కిందికి రోజూ పొద్దున వచ్చే మనిషి ఒకడుండేవాడు. మలకీ. అరవై ఎనిమిదేళ్లు. ఒకప్పుడు సైకిళ్ల క్లబ్బుకి ముందు నడిచినవాడు. సరస్సు చుట్టూ ఉన్న ప్రతి మలుపూ, ప్రతి గుంటా, కరిచే ప్రతి కుక్కా అతనికి తెలుసు. తెలియనిదల్లా కుడీ ఎడమా. ఒకసారి పదిహేడు మంది సైకిళ్లని సరాసరి ఒక పేడగుంటలోకి నడిపించాడు. ఆ తర్వాత పెళ్లాం డింప్నా, అతని సైకిల్ ఎడమ పిడికి ఎర్ర ఉన్ని దారం చుట్టింది. "ఎరుపు ఎడమ. ఇంక నన్ను అడక్కు," అంది. ఇరవై ఏళ్లు ఆ దారం మారుస్తూనే ఉంది.

డింప్నా పోయి ఏడాది దాటింది. మఠం గోడల మధ్య ఆమె పుట్టింటి వాళ్ల సమాధుల వరసలో పడుకోబెట్టారు. మఠానికి మూడు వైపులా నీళ్లే. దారి కొండ మీది నుంచి ఒక్కటే.

పూడ్చిన రోజు తర్వాత, ఆ ఏడాదిలో మలకీ ఒక్కసారీ ఆ సమాధి దగ్గరికి చేరలేదు.

రోజూ అట్రాక్టా కొట్టులో ఒక టీ తాగి బయల్దేరేవాడు. సాయంత్రం రొట్టెల బుట్ట ఖాళీ అయ్యే వేళకి సైకిల్ నడిపించుకుంటూ దిగి వచ్చేవాడు. బూట్లు అరిగిపోయి, ముఖం గాలికి ఎర్రబడిపోయి. అట్రాక్టా అతనికి రొట్టె మధ్య ముక్క, వెన్న ఎక్కువ వేసి పెట్టేది. దగ్గర నిలబడేది. చెప్పేద్దామని నోరు తెరిచేది.

"ఇంకొంచెం వెన్న వెయ్యనా?" అనేది.

ఏడాది పొడుగునా అతనికి వెన్న వేస్తూనే ఉంది.

జరిగింది ఇది. ఊరి నుంచి వచ్చే రోడ్డు రెండుగా చీలే చోట ఒక ఇనుప కంబం ఉంది. దానికి వేలు ఆకారంలో చెక్క పలక, దాని మీద మఠం అని రాసి ఉంటుంది. ఊరంతా దాన్ని వేలు అనే అంటారు. అసలు దారి ఎడమకి, సరస్సు పక్కగా, మలకీ ఇంటి ముందు నుంచి కొండ దాకా. కుడికి వెళితే అట్రాక్టా వాకిలి. కారు దారి అక్కడితో సరి. అక్కడి నుంచి కొండ కిందికి బండిబాట, సైకిళ్లు పడతాయి అంతే. ఆ వేలుకున్న ఇనుప పట్టీ వదులు. అట్రాక్టా పొద్దున్నే వెళ్లి దాన్ని కుడికి తిప్పేది, సాయంత్రం మళ్లీ ఎడమకి తిప్పేది. ఎవరికి నష్టం? సైకిళ్ల వాళ్లు రొట్టె తిని బండిబాటన కొండ చేరేవాళ్లు, దిగి వచ్చేటప్పుడు మళ్లీ ఆగేవాళ్లు. ఆ జిల్లాలో వేలు తిప్పని వాళ్లెవరు? అవతలి ఊరి సారా కొట్టువాడు తన తలుపు వైపుకే నాలుగు ఊళ్ల పేర్లు తిప్పుకున్నాడు.

పోయినేడు జూన్‌లో ఒక మంగళవారం మధ్యాహ్నం మూడింటికి ఆమె వాకిట్లోకి ఒక కారొచ్చి ఆగింది. సైకిలు కాదు, కారు. ఆ కాలానికి ఇంకా ఫోన్లలో దారి చూపించే బొమ్మలు రాలేదు. దిగినవాడు కుర్ర డాక్టరు. మామూలు డాక్టరు సెలవులో ఉంటే పది రోజులకి వచ్చినవాడు. చేతిలో సంచి, ముఖాన చెమట.

"మలకీ అనే ఆయన ఇల్లు ఇదేనా? భార్యకి గుండెనొప్పి అన్నాడు," అని అడిగాడు. "ఫోన్లో, మఠం దారిలోనే ఇల్లు, వేలు దగ్గర ఎడమకి తిరగమన్నాడు. చూస్తే వేలు కుడికి చూపిస్తోంది. కంగారులో పొరపాటు పడ్డాడేమో ముసలాయన అనుకుని ఇటు వచ్చాను."

అట్రాక్టా చెయ్యి చాచి వెనక్కి చూపించింది. ఇరుకు రోడ్డు, రెండు పక్కలా రాతిగోడలు, వెనక నుంచి గడ్డిబండి. అతను కారు వెనక్కి తిప్పుకుని చేరేసరికి ఇరవై అయిదు నిమిషాలు పోయాయి.

కారు మలుపు దాటగానే అట్రాక్టా చేతికి పిండి ఉండగానే అడ్డదారిన పొలాల్లోంచి పరుగెత్తింది. డింప్నా దగ్గరికి కాదు. వేలు దగ్గరికి. దాన్ని ఎడమకి తిప్పింది. ఆ తర్వాత గుర్తొచ్చింది, డింప్నా కోసం ఒక్క ప్రార్థన కూడా చెయ్యలేదని. వేలు మీద తెల్లగా పిండి అంటుకుంది. గౌను అంచుతో తుడిచింది.

డాక్టరు చేరేసరికే డింప్నా పోయింది. తను దారి తప్పి కుడికి వెళ్లాననీ క్షమించమనీ మలకీతో అన్నాడట. అంతే అన్నాడు. మిగతాది చెప్పే సమయం కాదది. వారం తిరక్కుండా ఆస్ట్రేలియా వెళ్లిపోయాడు.

మలకీ తలకి ఒక్కటే ఎక్కింది. నేనే కుడి అని ఉంటాను.

శవపేటిక కొండెక్కిన రోజున వెనక మలకీ కూర్చున్న కారుకి మూడు గంటలు పట్టింది. గుంట దగ్గర జనం వానలో నిలబడ్డారు. దుఃఖం కూడా బరువే కదా అని సరిపెట్టుకున్నారు. అట్రాక్టా ఆ రోజు వెళ్లలేదు. వచ్చిన వాళ్లకి తిండి చూడాలని ఆగిపోయింది, నూట ఇరవై శాండ్‌విచ్‌లు చేసింది. ఆమె కొండెక్కలేదని ఎవరూ గమనించలేదు. ఆ తర్వాత మోకాళ్ల నొప్పులంది. అదీ ఎవరూ పట్టించుకోలేదు. అందరి కళ్లూ మలకీ మీదే.

నెల పూజకి మలకీ చేరలేకపోయాడు. నవంబరులో చనిపోయినవాళ్ల పండక్కీ చేరలేకపోయాడు. అప్పటి నుంచి అతని మాట వస్తే ఊళ్లో గొంతులు తగ్గి గుసగుసలయ్యాయి.

పోస్టాఫీసు ఫిలొమీనా రొట్టెల కోసం వచ్చి, బల్ల మీద మోచేతులు ఆనించి, ఊరికే అన్నట్టు అంది.

"కొండ ఊరికే పెరగదు అట్రాక్టా. ఏడాదైనా దిగలేదంటే ఏదో ఉంది. ఆవిడ మంచం మీద ఉండగా ఏం చేశాడో, ఏం చెయ్యలేదో."

"మలకీ మంచివాడు," అంది అట్రాక్టా.

"ఆ మాట నాకు చెప్పకు, కొండకి చెప్పు."

తర్వాత ఇంకో సంగతి చెప్పింది. డింప్నా అన్న, బోయిల్ పట్నంలో ఉండేవాడు, ఈ మాటలన్నీ విన్నాడట. సమాధి రాయి తయారవుతోంది. పేరు డింప్నాది ఒక్కటే చెక్కమన్నాడట, కింద మొగుడి పేరుకి చోటు వదలొద్దన్నాడట. జూలైలో సమాధుల ఆదివారం నాడు మలకీ వచ్చి ఆ సమాధి పక్కన నిలబడితే సరే, లేకపోతే మా వాళ్ల మధ్య అతనికి చోటు లేదని ఫాదర్ కనాటీకి ముఖం మీదే చెప్పాడట.

సమాధుల ఆదివారమంటే ఏడాదికొక్కసారి ఫాదర్ ప్రతి సమాధి మీదా పవిత్రజలం చల్లే రోజు. ఆ మధ్యాహ్నం మూడింటికి ప్రతి ఇంటివాళ్లూ తమవాళ్ల దగ్గర నిలబడాలి. ఎవరూ నిలబడని సమాధి చూస్తే అనాథ సమాధి అన్నట్టే.

అట్రాక్టా ఆ శనివారం పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనకి వెళ్లింది. తెర వెనక మోకరిల్లి, వేలు తిప్పాను ఫాదర్ అంది. అవతల ఫాదర్ నవ్వు ఆపుకోవడం వినిపించింది. ఈ గదిలో ఇది ఈ నెల నాలుగోది తల్లీ అన్నాడు, మూడు ప్రార్థనలు చెప్పుకోమన్నాడు. మిగతాది ఆమె చెప్పలేదు. మూడూ చెప్పుకుని ఇంటికొచ్చింది. వచ్చే దారిలో కొండ వైపు చూస్తే దాని తల మబ్బుల్లో ఉంది. పక్కన నడుస్తున్న పిల్లలకి అది చిన్న దిబ్బలా కనిపిస్తోందని ఆమెకి తెలుసు.

ఆదివారం మలకీ తెల్లవారకముందే బయల్దేరాడు. పెళ్లినాటి సూటు, పాంటు అంచులకి క్లిప్పులు, హ్యాండిల్‌బార్‌కి కట్టిన పూలు. ఎడమ పిడి మీద ఎర్ర ఉన్ని వెలిసిపోయి గులాబీరంగు అయింది. ఈసారి టీకి కూడా ఆగలేదు.

అట్రాక్టా రొట్టెలు పొయ్యిలో పెట్టింది. తీసింది. అడుగు మాడింది. ముప్పయ్యేళ్లలో ఆమె రొట్టె మాడడం అది మొదటిసారి. మాడిన రొట్టె కాసేపు చూసి, తలుపు వేసి, పాత సైకిల్ తీసుకుని బండిబాటన బయల్దేరింది.

కొండ ఆమె కోసం కాచుకుని ఉంది.

మొదటి గంట తొక్కింది. తర్వాత దిగి నెట్టింది. ఊరివాళ్ల కార్లు పక్క నుంచి వెళుతూ పలకరింపుగా స్టీరింగు మీద ఒక వేలు ఎత్తేవాళ్లు, అదక్కడి అలవాటు, రెండు నిమిషాల్లో శిఖరం దాటి మాయమయ్యేవాళ్లు. ఆమె ముందు మాత్రం రోడ్డు పరుచుకుంటూనే ఉంది. పసుపు పూల పొదలు, గొర్రెలు, రాతిగోడ. మళ్లీ పొదలు, మళ్లీ గొర్రెలు. కింద సరస్సు పళ్లెమంత అయింది, తర్వాత సాసరంత అయింది. ఆ కొండ మీద బరువున్న వాళ్లు ఒకళ్లకొకళ్లు కనిపిస్తారు. మధ్యాహ్నం రెండు దాటాక గోడ మీద కూర్చుని మలకీ కనిపించాడు. పూలు వాలిపోయాయి.

"నువ్వా," అన్నాడు. "కొట్టు వదిలి ఇక్కడేం చేస్తున్నావమ్మాయ్?"

ఆమెకి ఊపిరి అందలేదు. అతను ఆమె చెమటనీ, బురద బూట్లనీ చూశాడు.

"నీక్కూడా ఇంత పొడుగుందా?"

"ఇంతకంటే ఉంది."

అతను పక్కకి జరిగి చోటిచ్చాడు. ఆమె కూర్చోలేదు.

"నేను కుడి అన్నాను అట్రాక్టా," అన్నాడు. ఆ మాట అప్పటిదాకా ఎవరితోనూ అనలేదు. "ఫోన్ పక్కన హ్యాండిల్‌బార్ ఉండదు కదా. ఎర్రదారం లేదు. డింప్నా నేల మీద పడుంది, నేను నోటికొచ్చింది చెప్పాను. దాన్ని చంపింది నేనే."

"నువ్వు ఎడమే అన్నావు."

"నీకెలా తెలుసు?"

అప్పుడు చెప్పింది. తల ఎత్తకుండా, చక్రం పుల్లల్ని చూస్తూ మొత్తం చెప్పింది. వదులు పట్టీ సంగతి, రెండు ఎండాకాలాల సంగతి, డాక్టరు వాకిట్లో అన్న మాట. పొలాల్లోంచి ఎటు పరుగెత్తిందో అది కూడా. పిండి తుడిచిన సంగతి కూడా. ఏడాదిగా అతన్ని రోజూ కొండ మీదికి పంపుతూ వెన్న వేసిన సంగతి ఆఖర్న చెప్పింది.

గొర్రె ఒకటి దగ్గింది.

"ఆ డాక్టరు ఏమన్నాడో ఇంకోసారి చెప్పు."

"ఎడమకి తిరగమన్నాడు, వేలు కుడికి చూపిస్తోంది, అని."

"ఎడమకి."

"ఎడమకే మలకీ."

అతను లేచాడు. ఎర్ర ఉన్ని మీద చెయ్యి వేశాడు, పిడికిలి బిగించాడు. ఆమెని తిట్టలేదు. ఆమె వైపు చూడలేదు కూడా. సైకిలెక్కాడు. కొండ శిఖరం అతనికి పన్నెండు అడుగుల దూరంలో ఉంది, ఎప్పటి నుంచో అక్కడే ఉన్నట్టు. రెండు తొక్కులు తొక్కి అవతలికి జారిపోయాడు. కాసేపటికి మఠం గంట వినిపించింది. మూడయింది.

చెప్పేస్తే తనకీ కొండ తగ్గుతుందని అట్రాక్టా లోపల్లోపల ఆశపడింది. ఆ ఆశ తెలిసొచ్చి సిగ్గేసింది. సాయంత్రం ఏడింటి దాకా నెట్టింది. శిఖరం రాలేదు. తిరిగి వచ్చేసింది.

మర్నాడు పోస్టాఫీసు వరసలో ఎనిమిది మంది ఉండగా, తన వంతు వచ్చాక, ఫిలొమీనా కిటికీ ముందు నిలబడి అంతా మళ్లీ చెప్పింది. నలుగురి ముందు నోరు విప్పడమే చేతకాని మనిషి, ఆఖరి మాట దాకా చెప్పింది. ఫిలొమీనా ఆమె అడక్కుండానే ఒక స్టాంపు చింపి ఇచ్చి, జీవితంలో మొదటిసారి ఏమీ అనకుండా ఊరుకుంది. వారంలోపు రోడ్డు పనివాళ్లు వచ్చి వేలుకి బోల్టు బిగించారు. పిలిపించింది అట్రాక్టానే. రాయి మీద డింప్నా పేరు కింద చోటు వదిలారని విన్నది. రొట్టెలు కొనేవాళ్లు కొంటూనే ఉన్నారు, అయితే బల్ల మీద మోచేతులు ఎవరూ ఆనించలేదు. మలకీ మళ్లీ ఆమె టీ తాగలేదు.

ఆదివారం ఆదివారం అట్రాక్టా కొండకి వెళ్లేది. మలకీ ప్రతిసారీ ఆమెని దాటి వెళ్లేవాడు. ఆ వైపున దారిలో ఎవరు ఎదురైనా హ్యాండిల్ మీది నుంచి ఒక వేలు ఎత్తడం మామూలే. మలకీ అయితే గాడిదలకి కూడా ఎత్తేవాడు. ఆమెని దాటేటప్పుడు మాత్రం ఆ వేళ్లు పిడిని పట్టుకునే ఉండేవి. ఆమె అది చూసేది, ముందుకి నెట్టేది. ఆగస్టులో సరస్సు సాసరంత అయ్యేది. అక్టోబరుకి పళ్లెమంత దగ్గర ఆగింది. చలికాలంలో గొర్రెలు లేవు, మంచు, ఆమె ఒక్కతే.

మార్చిలో, పొదల మీద మొదటి పసుపు మొగ్గలు వచ్చిన ఆదివారం, వెనక గొలుసు చప్పుడు వినిపించింది. అట్రాక్టా గోడ వైపుకి ఒదిగి నిలబడింది. మలకీ దాటాడు. ఎడమ పిడి మీద కొత్త ఉన్ని, నిగనిగలాడే ఎరుపు. చుట్టడం చేతకానట్టు వంకరటింకరగా చుట్టి ఉంది. ఆ ఉన్ని మీది నుంచి చూపుడువేలు లేచింది. అంగుళం లేచి, మళ్లీ ఆనుకుంది. అతను తల తిప్పలేదు. శిఖరం దాటి వెళ్లిపోయాడు.

ఆమె అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచింది. ఆరు వందల దగ్గర కళ్లు మసకబారి లెక్క తప్పింది. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టబోయేంతలో కాళ్ల కింద రోడ్డు అవతలి వైపుకి వాలింది. కింద నీళ్లు, నీళ్ల మధ్య పైకప్పు లేని మఠం గోడలు, వాటి పక్కన ఆనించి ఉన్న సైకిల్.

దిగి గేటు దగ్గరికొచ్చింది. మలకీ ఎడమ చేతి వేలు ఎత్తింది పలకరింపుకో, దారి చెప్పడానికో ఆమెకి తెలియదు. లోపల బాట రెండుగా చీలి ఉంది. అట్రాక్టా కాసేపు ఆగి, గౌను అంచుకి చేతులు తుడుచుకుని, ఎడమకి తిరిగింది.